మిడతల డాక్టర్ గారు

రిటైరయ్యాక నాకొక వ్యసనం పట్టుకుంది. పొద్దున్నే కడియం నర్సరీల మధ్య నడుస్తాను. మొక్కలు కొనను. కొనేవాళ్ళకి ఆ మొక్క శాస్త్రీయ నామం చెప్పి విసిగిస్తాను. జీవితమంతా కాలేజీలో బోటనీ చెప్పినవాడికి అంతకన్నా మంచి కాలక్షేపం ఎక్కడ దొరుకుతుంది? నాకు అలవాటైన నర్సరీ యజమాని మర్యాదస్తుడు. నన్ను చూడగానే కుర్చీ వేయించి టీ ఇప్పిస్తాడు. టీ తాగుతున్నంతసేపూ నేను నోరు మూసుకుంటానని ఆయనకి తెలుసు.

మొన్న అలా కూర్చుని ఉండగా, కొబ్బరి మొక్కలు బేరమాడుతున్న ఒక ముసలి రైతు నావైపు తేరిపార చూసి దగ్గరకొచ్చాడు.

"మాస్టారు కదండీ? మా లంకకి వచ్చారొకసారి, కార్తీకమాసంలో. గుర్తుపట్టలేదాండి?"

పట్టలేదు. అయినా పట్టినట్టు తలూపాను.

"డాక్టరమ్మ గారు పోయారటండి. విన్నారా?"

"ఏ డాక్టరమ్మండీ?"

"అదేంటండీ అలాగంటారు! మీ కాలేజీలో మిడతల మేడం గారండి. కాకినాడలో చెల్లెలి గారింట్లో పోయారట. మా అమ్మాయి అక్కడే కదండీ ఉండేది, ఫోన్ చేసి చెప్పింది."

ఆవిడ పోయారన్న మాట నాకు కాస్త ఆలస్యంగా అందింది. ముందు అందింది 'డాక్టరమ్మ' అన్న మాట. ఆవిడ డాక్టరు కాదు. సూది వేసే డాక్టరూ కాదు, యూనివర్సిటీ పట్టాతో వచ్చే డాక్టరూ కాదు. కాకుండా పోవడం నా కళ్ళముందే జరిగింది. ఆ సంగతి చెప్పబోయాను. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని పాడు బుద్ధి నాది. కానీ చావుకబురు చెబుతున్న మనిషిని దిద్దడం ఏం బాగుంటుందని ఊరుకుని, ఆయనకీ ఒక కుర్చీ వేయించాను.

మా కాలేజీలో బోటనీకి, జువాలజీకి కలిపి ఒకటే స్టాఫ్ రూమ్. మధ్యలో అడ్డంగా ఒక చెక్క బీరువా. ఇటు నేను, అటు ఆవిడ. పిల్లలకి కణవిభజన చూపించాలంటే మాకు ఉల్లిపాయ కావాలి, వాళ్ళకి మిడత. నేను సీసా మూతి మీద ఉల్లిపాయ నిలబెట్టి, వేళ్ళు దిగాక వాటి కొనలు తుంచి స్లైడు చేయించేవాణ్ణి. ఆవిడ మగ మిడత కడుపు కోసి, పేగు మీద అతుక్కుని ఉండే పసుపుపచ్చటి చిన్న ముద్దని పైకి తీసేవారు. మిడతకి వీర్యకణాలు తయారయ్యేది అందులోనే.

"మీ ఉల్లిపాయకేముంది మాస్టారూ! అందులో జరిగేది నకలు తీయడం. ఒకటి రెండవుతుంది, ఆ రెండూ అచ్చం మొదటిదానిలాగే ఉంటాయి. మా మిడతలో జరిగేది పంపకం. ఉన్నదాన్ని సగం సగం చేసి, తరవాతి తరానికి ఏది ఎటు వెళ్ళాలో తేల్చడం. పంపకం ఎంత కష్టమో ఈ గోదావరి జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు," అనేవారు బీరువా అవతల నుంచి.

"మా ఉల్లిపాయ పులుసులోకైనా పనికొస్తుందండి," అనేవాణ్ణి.

మనిషి పొడగరి. గంజి పెట్టిన నేతచీర, భుజం మీద ఎప్పుడూ ఒక పాత తుండు. కుడిచేతి బొటనవేలు మాత్రం చూసినవాళ్ళు మరిచిపోరు. చివర కాస్త చదునై, గోరు చుట్టూ కెంపురంగు దిగిపోయి ఉండేది. పెళ్ళిళ్ళలో భోజనానికి కూర్చుంటే పక్కవాళ్ళు గోరింటాకు అనుకునేవారు. అది మిడతల రంగు. ఆ రంగు ఆవిడే కాచుకునేవారు. అందులో ముంచే సూదికి తుప్పు పట్టి ఉండాలి. ఇనుము కాస్త దిగితేనే క్రోమోజోములు బాగా తేలతాయట. కొత్తగా చేరిన అటెండరు ఒకడు పాపం భక్తిగా ఆ సూదులన్నీ ఇసకతో తోమి తళతళలాడించి పెట్టాడు. ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

స్లైడు చేయడంలో అసలు పని చివర్న ఉంటుంది. రంగులో నానిన ఆ కాస్త ముక్క మీద పలచటి గాజు బిళ్ళ వేసి, దీపం సెగకి చూపించి, పైన అద్దుడు కాగితం పెట్టి బొటనవేలితో నొక్కాలి. కణాలు చితికి ఒకే పొరగా పరుచుకోవాలి. నొక్కేటప్పుడు గాజు బిళ్ళ ఆవగింజంత పక్కకి జరిగినా లోపలున్నవి ఒకదానిమీద ఒకటి దొర్లిపోయి, ఎవరికీ ఏమీ కనబడదు.

"నొక్కమ్మా, జరపకు!" ఇదీ ఆవిడ మంత్రం.

ప్రాక్టికల్స్ రోజు కారిడార్ చివరికి కూడా ఆ కేక వినిపించేది. తరవాత తరవాత ఆవిడ అన్నిటికీ అదే వాడేవారు. పిల్లల చేత నిజం చెప్పించాలన్నా అదే, మేనేజ్‌మెంట్‌ని మైక్రోస్కోపు అడగాలన్నా అదే. "గట్టిగా అడగండి మాస్టారూ, కానీ అడిగే చోటు మార్చకండి. నొక్కాలి, జరపకూడదు."

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు. ఆ ఉపవాసంతోనే మిడతలు కోసేవారు. మిడతలు బాగా దొరికేది ఆ రోజుల్లోనే మరి. "పాపం కాదాండీ?" అన్నాన్నేనొకసారి.

"పాపమేనండి. అందుకే కదా ఉపవాసం," అన్నారు, కత్తెర దించకుండానే.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు ఎవరికీ ఉండేది కాదు గానీ, నా నోరు ఊరుకుంటుందా? మగ మిడతలో క్రోమోజోములు ఇరవైమూడు. అంటే ఒకదానికి జత ఉండదు. మిగతావన్నీ జతలు కట్టి మధ్యలో బారు తీరితే, అదొక్కటీ ఒంటరిగా ఏదో ఒక పక్కకి పోతుంది. ఒకరోజు ఆవిడ మైక్రోస్కోపులో దాన్ని చూపిస్తుంటే, "పాపం, ఒంటిపిల్లి రాకాసి," అన్నాను నవ్వుతూ. అన్నాక నాలిక్కరుచుకున్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, "బాగా చూడండి మాస్టారూ. జతలు విడిపోకముందు, అన్నిటికంటే ముదురుగా రంగు పట్టేది అదే," అన్నారు.

ఆవిడకి చిన్నప్పుడు మెడిసిన్ సీటు త్రుటిలో తప్పిపోయిందట. హెడ్మాస్టరు చేసిన తండ్రి పోయేదాకా ఆ మాటే తలుచుకునేవాడట. మెడిసిన్ కాకపోతే పోనీ, పి.హెచ్.డి. చేసి పేరు ముందు ఆ రెండక్షరాలూ తెచ్చిపెడతానని తండ్రికి మాటిచ్చారు. ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు మీద పేరు రాయించడానికి పెయింటర్ని పిలిచి, "ముందు కాస్త జాగా వదిలి రాయి బాబూ," అన్నారట. వాడు వదిలాడు. పేరు కుడిపక్కకి ఒరిగిపోయినట్టుండేది. కొత్తగా చూసినవాళ్ళు పెయింటరుకి చూపు సరిగా ఆనదేమో అనుకునేవారు.

ఆ పి.హెచ్.డి. ఆవిడ ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాలు రైళ్ళలో యూనివర్సిటీకి తిరుగుతూ చేసిన పని. డెల్టాలో ఊరూరి మిడతల క్రోమోజోములూ చూడటం. ఇన్ని ఊళ్ళు ఒక్కరే ఎక్కడ తిరుగుతారు? మా పిల్లలందరూ పల్లెటూళ్ళవాళ్ళే. సోమవారం కాలేజీకి వస్తూ హార్లిక్స్ సీసాల్లో మిడతలు పట్టుకొచ్చేవారు. బస్సులో మూత ఊడి మిడతలు ఎగిరి, కండక్టరు మా కాలేజీ పిల్లల్ని దింపేసిన రోజులు కూడా ఉన్నాయి.

అన్ని ఊళ్ళ మిడతలూ ఒక్కలాగే ఉన్నాయి, ఒక్క లంక మిడతలు తప్ప. ఆ లంక గోదావరి మధ్యలో ఉంది. అక్కడి నుంచి ఒకమ్మాయి తెచ్చే మిడతల్లో మాత్రం ఒక చిన్న ముక్క ఎక్కువ కనబడేది. అన్నిట్లో కాదు, కొన్ని కణాల్లో. ఒకచోట చుక్కంత, ఒకచోట కామా అంత. చుట్టూ నీళ్ళు కాబట్టి అక్కడి మిడతలు బయటివాటితో కలవక, వాటికంటూ ఒక అదనపు క్రోమోజోమ్ నిలిచిపోయిందని ఆవిడ తేల్చారు. గైడు గారు ఎగిరి గంతేశాడట. నాకూ చూపించారు. అసూయపడ్డాను, దాచుకోవడమెందుకు? ఉల్లిపాయ జీవితంలో నాకలాంటి ముక్క చూపించలేదు.

థీసిస్ టైపింగ్ అయిపోయింది. గడువు వచ్చే వేసవితో సరి. ఆ తరవాత ఏడాది మా ప్రిన్సిపాల్ దిగిపోతాడు, డాక్టరేట్ ఉన్నవాళ్ళకే ఆ కుర్చీ ఇస్తామని మేనేజ్‌మెంట్ ముందే చెప్పేసింది. గేటు మీద జాగా, కాలేజీలో కుర్చీ, రెండూ ఆ చిన్న ముక్క మీదే ఆధారపడి ఉన్నాయి. ఇక సమర్పించడమే తరువాయి అనగా ఆవిడకొక బుద్ధి పుట్టింది.

"నా ప్రాణం ఆ లంకలో ఉంది, నేనేమో ఒక్కసారైనా ఆ లంక మొహం చూడలేదు. వెళ్ళొద్దాం రండి మాస్టారూ. మీకు గడ్డి మొక్కలు దొరుకుతాయి," అన్నారు.

కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే రేవులో పడవెక్కాం. ముందే కబురందడంతో ఆ అమ్మాయి తండ్రి ఒడ్డునే నిలబడి ఉన్నాడు. ఇదిగో, ఈ కడియంలో నా ఎదురుగా కూర్చున్న రైతే. అప్పటికింకా జుట్టు నల్లగా ఉండేది. మర్యాదంటే ఇంకా అంతా ఇంతానా! కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, కూర్చోవడానికి నవారు మంచం, కొబ్బరిబోండాలు, అవి తాగుతుండగానే మినపసున్ని. ఉపవాసం లేని రోజేనా అని ముందే కనుక్కుని మరీ పెట్టించాడు.

తరవాత వంగతోటకి తీసుకెళ్ళాడు. ఆవిడ వల చేత్తో పట్టుకుని చెంగు బిగించారు. ఆ వల అవసరమే పడలేదు. గట్టు గడ్డి మీద మిడతలు ఎక్కడివక్కడ కూర్చుని ఉన్నాయి. మనిషి నీడ పడినా ఎగరవు. తాకితే పక్కకి ఒరుగుతాయి. ఆవిడ ఒకదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అరచేతిలో పెట్టుకుని చూశారు. అది తూలింది.

"ఇవి ఇలా ఉన్నాయేంటండీ?" అన్నారు.

రైతు మొహం వెలిగిపోయింది. "మొన్ననే పురుగుమందు కొట్టించానండి, తమరొస్తున్నారని! ఆడవారు, ఈ మిడతల వెంట తోటంతా ఏం పరిగెడతారండీ. మందు పడితే మర్నాటికి, మూడోనాటికి ఇలాగే మత్తుగా ఉంటాయి. కాయ కోసుకున్నట్టు కోసుకోవచ్చండి."

ఆవిడ అరచేతిలో మిడతని మరోసారి వేలితో కదిపి చూశారు. తరవాత మెల్లిగా అడిగారు. "ఇన్నాళ్ళూ అమ్మాయితో పంపినవి కూడా ఇలాగేనాండి?"

"మరేనండి! మేడం గారు అడిగారంది మా అమ్మాయి. పెద్దావిడ అడిగితే ఒకటీ అరా పంపుతామాండి? మందు కొట్టినప్పుడల్లా సీసా నిండా ఏరి పంపేవాణ్ణి."

నేను బోటనీ వాణ్ణే అయినా నాకూ అర్థమైంది. ఆ మందుల్లో కొన్నిటికి క్రోమోజోముల్ని విరగ్గొట్టే గుణం ఉంటుంది. లంక మిడతలకి అదనంగా ఏమీ లేదు. ఆ ముక్క విరిగిన ముక్క. ఒక్కోచోట ఒక్కో సైజులో ఉన్నది అందుకే.

ఆవిడ సీసా మూత తీసి, మిడతల్ని ఒక్కొక్కటే ఏరి అందులో వేశారు. రైతు కూడా వంగి సాయం చేశాడు. సీసా నిండాక, "చాలా శ్రమ తీసుకున్నారండి," అన్నారు ఆయనతో. "భలేవారే, శ్రమేంటండీ," అని ఆయన ఒక సంచీడు వంకాయలు కూడా పడవలో పెట్టించాడు.

తిరిగొచ్చేటప్పుడు పడవలో ఆవిడ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సగం గోదావరి దాటాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"మేడం గారూ, సమర్పించేయండి. పరీక్షించేవాళ్ళు ఎక్కడో ఉంటారు. పడవెక్కి ఈ లంకకి ఎవడొస్తాడండీ?"

"ఇప్పుడు నొక్కితే బిళ్ళ జరిగిపోతుంది మాస్టారూ."

"పోనీ, మందు వల్ల ఇలా అయిందనే రాయండి. అదీ ఒక పరిశోధనే కదా!"

"ఏ మందో, ఎంత కొట్టారో, కొట్టిన ఎన్నాళ్ళకి పట్టారో నాకేం తెలుసు? అంతా మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. గడువేదీ?" అని సీసా మూత మరోసారి బిగించారు. "ముక్కలు ఒక్కోటీ ఒక్కోలా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. రావాలని లేదు కాబట్టి రాలేదు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం రేవు దగ్గరపడ్డాక తుండుతో మొహం తుడుచుకుని, "ఆయనకి గానీ, ఆ పిల్లకి గానీ ఈ సంగతి తెలియకూడదు మాస్టారూ. పాపం, నాకోసం కూలివాణ్ణి పెట్టి మరీ కొట్టించాడు. మీ నోరు అసలే మంచిది కాదు," అన్నారు.

థీసిస్ సమర్పించలేదు. గైడు గారు మండిపడ్డాడని విన్నాను. ప్రిన్సిపాల్ కుర్చీ కామర్స్ ఆయనకి దక్కింది. ఆయనకి మొదటి దండ వేసింది ఆవిడే. ఆ అమ్మాయి అప్పుడప్పుడు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "మేడం, మా మిడతలు ఏమయ్యాయండి? నాన్న అడుగుతున్నారు," అనేది. "చాలా బాగా ఉపయోగపడ్డాయని చెప్పమ్మా," అనేవారు ఈవిడ. రికార్డు బొమ్మలో గీత వంకరగా ఉంటేనే పిల్లల్ని నిలబెట్టి కడిగేసే మనిషి, ఆ ఒక్క అబద్ధం మాత్రం కాస్తయినా తడుముకోకుండా ఆడేవారు.

తరవాత కూడా ప్రతి కార్తీకంలోనూ క్లాసుకి మిడతలు కావాలంటూ ఆ లంకకే వెళ్ళేవారు. నన్ను మళ్ళీ పిలవలేదు. రిటైరయ్యాక చెల్లెలి దగ్గరకి కాకినాడ వెళ్ళిపోయారు. ఇల్లు అద్దెకిచ్చారు. గేటు మీద పేరు, ముందున్న జాగా, రెండూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇదంతా తలుచుకుంటూ నేను టీ చల్లార్చుకున్నాను. ఎదురుగా రైతు తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. నా నోరు ఇక ఊరుకోలేదు.

"ఆవిణ్ణి డాక్టరమ్మ గారూ అని ఎప్పట్నుంచి పిలుస్తున్నారండీ?"

ఆయన కండువా సర్దుకున్నాడు. "మీకు తెలిసే అడుగుతున్నారు మాస్టారండి. ఆవేళ మీరూ ఉన్నారు కదా," అన్నాడు. "మా అమ్మాయి ఎమ్మెస్సీ చదివిందండి. అక్కడ పాఠంలో వచ్చిందట, మందు పడితే పురుగు లోపల ఆ దారాలు తెగిపోతాయని. సెలవులకి ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. 'మేడం గారి చదువు మనమే పాడుచేశాం నాన్నా,' అని. నాకు రెండు రోజులు ముద్ద దిగలేదండి. వెళ్ళి కాళ్ళ మీద పడదామనుకున్నాను. అమ్మాయి వద్దంది. ఆవిడ మనకి తెలియనివ్వలేదంటే, మనకి తెలియకూడదనే కదా అంది."

"మరి?"

"ఆ ఏడు కార్తీకానికి ఆవిడ వచ్చారండి. ఒడ్డు దిగుతుంటే, 'రండి డాక్టర్ గారూ' అన్నాను. ఆవిడ ఆగిపోయి నా మొహంకేసి చూశారు. ఏదో అనబోయారు. అనలేదండి. తోటలోకి వెళ్ళి వల పట్టుకుని ఇటూ అటూ పరిగెట్టారు. ఒక్కటీ చిక్కలేదు. ఆయాసపడుతూ వచ్చి, 'ఈ ఏడు మీ మిడతలు మహా చురుగ్గా ఉన్నాయేంటండీ' అన్నారు. 'ఆ వంగమడికి మందు మానేశామండి' అన్నాను. 'మంచిదండి' అన్నారు. అంతే. తరవాత ఏటా డాక్టర్ గారూ అనే పిలిచేవాణ్ణి, ఆవిడ పలికేవారు."

ఆయన లేచి కొబ్బరి మొక్కలు బండికెత్తించుకున్నాడు.

"ఆ మడి ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"ఏం చేస్తామండి, అలాగే ఉంటుంది. సగం పుచ్చువంకాయలే వస్తాయనుకోండి," అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగాక నర్సరీ యజమాని గ్లాసులు తీసుకోవడానికి వచ్చాడు. నా మొహం చూసి కాస్త తటపటాయించి, "ఎవరో పోయినట్టున్నారు. మీకు బాగా కావలసినవారాండి?" అన్నాడు.

"మా కాలేజీలో పనిచేశారండి," అన్నాను. "డాక్టర్ గారు."